పెట్టె మీద అంకె చూసి రేంజ్‌ఫైండర్ కొనకండి

ప్రశ్న: లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తుంటాను. సీజన్ మొదట్లో కాంపౌండ్ విల్లు, తర్వాత .308 రైఫిల్. కొన్ని రోజులు అడవిలో మంచె మీద కూర్చుంటాను, కొన్ని రోజులు కొండవాలు మీద తిరుగుతాను. దూరాన్ని కంటితో అంచనా వేయడం నాకు ఎంతకీ పట్టుబడడం లేదు. పోయిన సీజన్‌లో 30 గజాలే అనుకుని వదిలిన బాణం జింక పొట్ట కిందుగా వెళ్లిపోయింది. అందుకే లేజర్ రేంజ్‌ఫైండర్ కొందామనుకుంటున్నాను. ఒకదాని పెట్టె మీద 1000 గజాలని, ఇంకోదాని మీద 2000 గజాలని ఉంది. ఎక్కువ దూరం చూపించేదే మంచిదా? బాలిస్టిక్ లెక్కలు, అంటే తూటా ఏ దూరానికి ఎంత కిందికి దిగుతుందో లెక్క, చేసిపెట్టే మోడల్ అవసరమా? మా బావ తన గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ ఇస్తానంటున్నాడు, దానితో పని జరుగుతుందా? నాకు కళ్లద్దాలు కూడా ఉన్నాయి.

సమాధానం: ముందు మీ బావగారి గోల్ఫ్ పరికరం సంగతి తేల్చేద్దాం. ఊరికే వస్తోంది కదా అని మనసు అటే లాగుతుంది. లోపల ఉండే లేజర్, సమయం కొలిచే గడియారం గోల్ఫ్ పరికరంలోనూ వేట పరికరంలోనూ దాదాపు ఒకటే. తేడా అంతా వచ్చిన సమాచారంతో అది ఏం చేస్తుందన్న దాంట్లో ఉంది. గోల్ఫ్‌లో ఆటగాడికి కావలసింది ముందున్న సన్నటి జెండా కర్ర, వెనక ఉన్న చెట్లు కాదు. అందుకని ఆ పరికరం దగ్గరి వస్తువునే పట్టుకుంటుంది. మీకు అడవిలో కావలసింది దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి: ముందున్న గడ్డిని, కొమ్మల్ని వదిలేసి వాటి వెనక నిలబడ్డ జింక దూరం చెప్పాలి. పైగా చాలా గోల్ఫ్ మోడళ్లు జెండా దొరకగానే చేతిలో బుర్రుమని వణుకుతాయి. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో 25 గజాల దూరంలో జింక ఉన్నప్పుడు ఆ చప్పుడు మీకు అక్కర్లేదు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. గోల్ఫ్ పరికరంలో ‘స్లోప్’ అనే సదుపాయం ఉంటే, ఎత్తుకు కొట్టేటప్పుడు అది దూరాన్ని పెంచి చూపిస్తుంది. గాల్లో ఎత్తుగా లేచి దిగే బంతికి అది సరైన లెక్కే. బాణానికీ తూటాకీ మాత్రం ఎగువకు కొట్టినా దిగువకు కొట్టినా దూరాన్ని తగ్గించుకోవాలి. అంటే కొండ ఎగువన ఉన్న జింకను ఆ మోడ్‌లో కొలిస్తే, తప్పు అంకె రావడమే కాదు, తప్పు దిక్కుగా కూడా వస్తుంది. స్లోప్ ఆపేసి, వణుకుడు ఆపేసి, చదునైన నేల మీద, అడ్డం లేని చోట వాడతానంటే తీసుకోండి. లేదంటే దండం పెట్టి ఆయనకే వదిలేయండి.

ఇక 1000, 2000 గజాల విషయం. ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది మీ జింకకు సంబంధించింది కాదు. రోడ్డు పక్కన మెరిసే బోర్డు లాంటి ప్రతిఫలించే వస్తువు మీద, వాతావరణం అనుకూలంగా ఉన్నప్పుడు వచ్చే గరిష్ఠ దూరం అది. వివరాల పట్టికలో ఇంకా కిందికి వెళితే చెట్టు మీద ఎంత, జింక మీద ఎంత అని చిన్న అక్షరాల్లో వేరే అంకెలు ఉంటాయి. జింక అంకె సాధారణంగా పెద్ద అంకెలో సగం దగ్గరగా ఉంటుంది, కొన్ని మోడళ్లలో అంతకన్నా తక్కువే. ఆ అంకె అసలు ఇవ్వని కంపెనీ పరికరాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఎందుకిలా అన్నది కాస్త తెలుసుకుంటే కొనేటప్పుడు ఎవరి మాటలూ మిమ్మల్ని తిప్పలేవు. మీట నొక్కగానే పరికరం కంటికి కనబడని పరారుణ కాంతి తునకల్ని వదులుతుంది. చాలా మోడళ్లలో ఆ కాంతి తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు. అది జింకకూ కనబడదు, మీకూ కనబడదు. ఆ తునక వెళ్లి, తగిలి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి దూరం చెబుతుంది. 300 గజాలకు వెళ్లి రావడానికి కాంతికి పట్టేది సుమారు 1.8 మైక్రోసెకన్లు. ఒక గజం తేడా అంటే ఆరు నానోసెకన్ల తేడా. ఇంత సూక్ష్మమైన సమయాన్ని కొలవడం ఇప్పటి చిప్‌లకు పెద్ద కష్టం కాదు. కష్టం ఎక్కడంటే, తిరిగి వచ్చే వెలుగు సరిపడా ఉండాలి, అది సరైన వస్తువు నుంచి రావాలి.

మెరిసే బోర్డు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. జింక బొచ్చు దాన్ని నాలుగు వైపులా చెదరగొట్టేస్తుంది. దూరం రెట్టింపైతే తిరిగొచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాంతి పుంజం జింక కన్నా పెద్దదయ్యే దూరం దాటాక పతనం ఇంకా వేగం. పైగా నడినెత్తిన ఎండ ఉంటే ఆ ఎండలోని పరారుణ కాంతి కూడా పరికరంలోకి చొరబడి, మీ తునకను అందులో వెతుక్కోవలసి వస్తుంది. అందుకే మబ్బు పట్టిన రోజున, పొద్దు వాలాక అదే పరికరం ఎక్కువ దూరం అందుకుంటుంది.

కాబట్టి మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న పరికరం ఎంత దూరం చూస్తుందని కాదు. మీరు ఎంత దూరం నమ్మకంగా కొట్టగలరని. జింక ఊపిరితిత్తులు, గుండె ఉండే చోటు దాదాపు 8 నుంచి 10 అంగుళాల గుండ్రం. బెంచీ మీద ఆనించి కాకుండా, వేటలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, అంత పళ్లెంలో బాణాన్ని గానీ తూటాను గానీ ప్రతిసారీ పెట్టగలిగే దూరం మీ హద్దు. చాలామందికి అది విల్లుతో 30, 40 గజాలు, రైఫిల్‌తో 200, 300 గజాలు. ఆ హద్దుకు రెట్టింపు దూరంలో జింక మీద రీడింగ్ ఇచ్చే పరికరం మీకు చాలు. రెట్టింపు ఎందుకంటారా? వానలోనో, చెయ్యి వణికినప్పుడో, లెన్సు మీద దుమ్ము ఉన్నప్పుడో సగం శక్తి పోయినా పని జరగాలి కాబట్టి. ఈ లెక్కన జింక మీద 500, 600 గజాలు అని నిజాయితీగా రాసిన మోడల్ మీ రెండు పనులకూ సరిపోతుంది. మీరు చెప్పిన 1000 గజాల పరికరం బహుశా ఈ కోవకే వస్తుంది. కానీ జింక అంకె చూసే నిర్ణయించుకోండి.

మీ బాణం ఎందుకు కిందికి పోయిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్లే బాణాన్ని, విల్లు సైటులో (గురి చూసే అమరికలో) 30 గజాలకు సర్దిన పిన్నుతో గురిపెట్టి 40 గజాల దగ్గరున్న జింక మీద వదిలితే దాదాపు 10 అంగుళాలు కిందికి దిగుతుంది. ఐదు గజాలు తప్పినా నాలుగైదు అంగుళాల తేడా వస్తుంది. అదే రైఫిల్‌లో సంగతి వేరు. .308ను 200 గజాలకు జీరో చేసుకుంటే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దుకుంటే, 250 గజాల దాకా తూటా మీ గురికి మూడు నాలుగు అంగుళాల లోపే ఉంటుంది. మధ్యలో గురిపెడితే చాలు, మూడు గజాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు, 400 దగ్గర రెండడుగుల దాకా పడిపోతుంది. కాబట్టి మీ విషయంలో రేంజ్‌ఫైండర్ అవసరం ఎక్కువగా విల్లుకే. వేల గజాల ప్రకటనలు చూస్తూ కూర్చుంటే ఈ సంగతి మరుగున పడిపోతుంది. దగ్గరి దూరాల్లో చకచకా, చప్పుడు లేకుండా, కొమ్మల మధ్య నుంచి సరిగ్గా కొలవడమే మీకు ముఖ్యం.

కొమ్మల మధ్య నుంచి అన్నాను కదా, నా దృష్టిలో కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదే: ఏ వస్తువు రీడింగ్ చూపాలో మీరు ఎంచుకోగలగాలి. కాంతి పుంజం సూది మొన కాదు. దూరం పెరిగేకొద్దీ అది విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడాన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ అంటే 1000 గజాల దగ్గర ఒక గజం వెడల్పు. రెండు మిల్లీరేడియన్ల పుంజం 300 గజాల దగ్గర సుమారు 22 అంగుళాలు పరుచుకుంటుంది. జింక ఒళ్లు వీపు నుంచి పొట్ట దాకా ఒకటిన్నర అడుగు. అంటే పుంజంలో కొంత జింకకు తగులుతుంది, కొంత కింద గడ్డికి, కొంత వెనక ఉన్న వాలుకు. మూడు చోట్ల నుంచీ వెలుగు తిరిగొస్తుంది. అందులో ఏ ఒక్క అంకె తెర మీద చూపాలన్నది పరికరం నిర్ణయం.

దగ్గరిది చూపే మోడ్, దూరపుది చూపే మోడ్, బలంగా తిరిగొచ్చినదాన్ని చూపే మోడ్ అని సాధారణంగా ఉంటాయి. పేర్లు కంపెనీకొకటి. మంచె మీద నుంచి గుబురు వెనకున్న జింకను కొలిచేటప్పుడు దూరపుది చూపే మోడ్ కావాలి. అదే మోడ్ బోడి కొండవాలు మీద మోసం చేస్తుంది. మీ గురి కొంచెం జారినా జింకను వదిలేసి వంద గజాల వెనకున్న బండ దూరం చెబుతుంది. అక్కడ దగ్గరిది లేదా బలమైనది చూపే మోడ్‌కు మారాలి. మీరు రెండు రకాల చోట్లా తిరుగుతారు కాబట్టి మోడ్ మార్చుకోవడం సులువుగా ఉండాలి, ఏ మోడ్‌లో ఉందో తెర మీద ఎప్పుడూ కనబడుతుండాలి. మోడ్ మార్చడానికి మెనూలోకి వెళ్లి నాలుగైదు సార్లు నొక్కాల్సి వస్తే ఆ సమయంలో ఎవరూ మార్చరు. ఒకే మోడ్‌తో వచ్చేవి కూడా ఉన్నాయి, వాటిని వదిలేయండి.

పుంజం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, కానీ ఈ అంకెను చాలా కంపెనీలు పట్టికలో రాయనే రాయవు. రాసినవాళ్లు రెండు అంకెలు ఇస్తారు, ఎందుకంటే పుంజం చాలావాటిలో గుండ్రంగా ఉండదు, పలకలా ఒకవైపు పొడవుగా ఉంటుంది. పొడవు అడ్డంగా ఉంటే జింక ఒళ్లు కూడా అడ్డంగానే ఉంటుంది కాబట్టి మీకు మేలు. నిలువుగా ఉంటే ముందున్న గడ్డి ఎక్కువ తగులుతుంది.

కచ్చితత్వం గురించి దుకాణంలో చాలా చెబుతారు. ఒక గజం అటూ ఇటూ అని ఒకరు, అర గజం అని ఇంకొకరు. పట్టించుకోకండి. అర గజం వల్ల ఏ జింకా తప్పిపోలేదు. తప్పు వస్తువును కొలవడం వల్ల తప్పిపోతాయి.

ఇప్పుడు తెర. రెండు రకాలుంటాయి. మామూలు ఎల్‌సీడీలో అంకెలు నల్లగా కనిపిస్తాయి. ఓఎల్ఈడీ లేదా ఎల్ఈడీ తెరలో ఎర్రగా వెలుగుతాయి. పట్టపగలు దుకాణం గుమ్మంలో నిలబడి చూస్తే నల్ల అంకెలు బ్రహ్మాండంగా ఉంటాయి. జింకలు కదిలేది మాత్రం తెల్లారగట్ల, పొద్దు గూకేటప్పుడు. ఆ వెలుగులో చెట్ల నీడ మీద నల్ల అంకె ఎక్కడుందో వెతుక్కోవాలి. లేజర్ బాగా పనిచేసే సమయమూ అదే, అంకె కనబడని సమయమూ అదే. కాబట్టి మీకు ఎర్ర అంకెల తెరే సరైనది. ఒక్క షరతు: వెలుగు తగ్గించుకునే వీలుండాలి. లేకపోతే చీకట్లో ఆ ఎరుపు కంట్లో పొడిచినట్టుండి, జింకే కనబడకుండా పోతుంది. మంచు మీదా మిట్టమధ్యాహ్నం ఎండలోనూ అదే ఎరుపు వెలిసిపోతుంది, అప్పుడు పెంచుకోవాలి. వెలుగును బట్టి తనంతట తనే మారేవి ఉన్నాయి. అవి మధ్యస్థంగా పనిచేస్తాయి, చేత్తో మార్చుకునే వీలు కూడా ఉంటేనే మంచిది. దుకాణంలో పరికరాన్ని మూలనున్న చీకటి వైపు తిప్పి చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది.

కళ్లద్దాలున్నాయని రాశారు. ఐ రిలీఫ్ అనే అంకె చూడండి. కంటికీ కటకానికీ మధ్య ఎంత ఎడం ఉన్నా మొత్తం దృశ్యం కనబడుతుందో అది చెబుతుంది. 15 మిల్లీమీటర్లకు తగ్గితే అద్దాలతో చూసినప్పుడు అంచులు కోసుకుపోతాయి, సరిగ్గా అంచున ఉండే అంకెలే మాయమవుతాయి. కంటి దగ్గరి రబ్బరు కప్పు లోపలికి మడవడానికో, తిప్పి దించడానికో వీలుండాలి. డయాప్టర్ సర్దుబాటు, అంటే మీ చూపుకు తగ్గట్టు అంకెల్ని స్పష్టం చేసుకునే తిప్పుడు, తప్పనిసరి. కొత్తగా కొన్నవాళ్లు చాలామంది దీన్ని తిప్పనే తిప్పరు. అంకెలు మసకగా ఉన్నాయని పరికరాన్ని తిట్టుకుంటారు.

చూపు పెంచే శక్తి ఆరు రెట్లు, ఏడు రెట్లు చాలు. విల్లుకు మాత్రమే అయితే ఐదు రెట్లు కూడా సరే. దృశ్యం వెడల్పుగా ఉండి జింక త్వరగా దొరుకుతుంది. పది రెట్లు అంటే చేతి వణుకు కూడా పది రెట్లు. పైగా రేంజ్‌ఫైండర్ జింకను వెతకడానికి కాదు. వెతకడానికి బైనాక్యులర్స్ ఉంటాయి. రెండూ కలిసిన రేంజ్‌ఫైండర్ బైనాక్యులర్స్ కూడా ఉన్నాయి. లైకా కంపెనీ జియోవిడ్ పేరుతో 1992లోనే తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. కొండ మీద అవి నిజంగా హాయి, చూసిన చోటే కొలవొచ్చు, ఒక కదలిక తగ్గుతుంది. బరువు, ఖర్చు రెండూ ఎక్కువ. మంచె మీద విల్లు పట్టుకుని ఉన్నవాడికి ఒక చేతిలో ఇమిడే చిన్న పరికరమే సుఖం. మీది రెండు రకాల వేట, అందులోనూ అవసరం విల్లుకే ఎక్కువ కాబట్టి ఇప్పటికి చిన్నదే కొనమంటాను. ఏదైనా సరే, రైఫిల్ స్కోప్‌తో మాత్రం అడవిని వెతకకండి. అలా వెతికితే ఎవరో తెలియని మనిషి మీదికి కూడా గొట్టం తిరుగుతుంది.

వాలు లెక్క గురించి ఇప్పుడు. కోణాన్ని కొలిచి, సరిచేసిన దూరం చూపే సదుపాయం ఇప్పుడు చాలా వేట మోడళ్లలో ఉంటోంది. సూత్రం చిన్నదే. గురుత్వాకర్షణ బాణాన్ని లాగేది అది అడ్డంగా ప్రయాణించిన దూరాన్ని బట్టి. కాబట్టి వాలు వెంట 300 గజాలు వచ్చినా, 30 డిగ్రీల కోణంలో ఉంటే 260 గజాలకు కొట్టినట్టే కొట్టాలి. 45 డిగ్రీల దిగువన 30 గజాలు వస్తే 21 గజాలకే. ఎగువైనా దిగువైనా లెక్క ఒకటే, పట్టించుకోకపోతే రెండింటిలోనూ పైకి తగులుతుంది. కొండ మీద తిరిగేవాడికి ఈ సదుపాయం కావాలి, మీరూ తీసుకోండి.

అయితే మంచె మీద దీని గొప్పతనాన్ని మరీ ఎక్కువ చేసి చెబుతుంటారు. 20 అడుగుల మంచె మీద నుంచి చెట్టు మొదలుకు 20 గజాల దూరంలో ఉన్న జింకను కొలిస్తే వాలు వెంట వచ్చేది 21 గజాలు. తేడా ఒక్క గజం. మంచె మీద నుంచి బాణాలు పైకి పోతున్నాయంటే అందుకు ఎక్కువసార్లు కారణం దూరం కాదు, నడుము దగ్గర వంగకుండా చెయ్యి మాత్రం దించి గురిపెట్టడం. దానికి ఏ యంత్రమూ మందు కాదు, మంచె ఎక్కి సాధన చేయాల్సిందే.

వాలు సదుపాయం లేని పరికరంతో కూడా మంచె మీద ఒక పాత ఉపాయం ఉంది. ఎక్కి కూర్చోగానే చుట్టూ ఉన్న చెట్ల కాండాలను మీ కంటి ఎత్తులో కొలవండి. అక్కడ కోణం లేదు కాబట్టి వచ్చేది సరైన అడ్డదూరమే. ఆ చెట్టు 18, ఈ వేప 27, ఆ వంకర కొమ్మ చెట్టు 35 అని గుర్తుపెట్టుకుంటే, జింక వచ్చాక అసలు పరికరం ఎత్తే పనే ఉండదు. నిజానికి విల్లుతో రేంజ్‌ఫైండర్‌ను ఇలాగే వాడాలి, జింక రాకముందే. వచ్చాక ఒక చేత్తో పరికరం ఎత్తడం, నొక్కడం, దించడం, విల్లు లాగడం అంటే నాలుగు కదలికలు. జింక ఒక్కదానికే పారిపోతుంది.

కొన్ని విల్లులకు రేంజ్‌ఫైండర్‌నే సైటుగా బిగించే ఏర్పాటు ఉంది. విల్లు లాగి ఉండగానే దూరం కొలిచి, పిన్ను వెలిగించి చూపుతుంది. ఆ కదలికల బాధ ఉండదు. కాకపోతే విల్లుకు ఎలక్ట్రానిక్ పరికరం బిగించడాన్ని కొన్నిచోట్ల వేట నియమాలు ఒప్పుకోవు. చేతిలో పట్టుకునే దానికి అనుమతి ఉన్నచోట కూడా దీనికి ఉండకపోవచ్చు. మీ లైసెన్సు నియమాలు చూసుకోకుండా దానివైపు వెళ్లకండి.

బాలిస్టిక్ లెక్కల మోడల్ అడిగారు. 300 గజాల లోపు వేటాడేవాడికి అక్కర్లేదు. ఆ లెక్క బాగుండాలంటే మీరు ఇచ్చే సమాచారం బాగుండాలి: మీ రైఫిల్ నుంచి మీ తూటా నిజంగా ఎంత వేగంతో బయటికొస్తోంది, దాని బాలిస్టిక్ కోఎఫిషియంట్ (గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) ఎంత, స్కోప్ గొట్టానికి ఎంత ఎత్తున ఉంది, ఎంత దూరానికి జీరో చేశారు. తూటాల పెట్టె మీద రాసిన వేగం మీ గొట్టం పొడవుకు వర్తించకపోవచ్చు. తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో కొలవకుండా అంకెలు నింపితే యంత్రం నమ్మకంగా తప్పు చెబుతుంది. 250, 300, 350 గజాలకు ఎంత దిగుతుందో మైదానంలో మీరే కాల్చి చూసుకుని, ఆ మూడు అంకెలు చీటీ మీద రాసి రైఫిల్ మడమకు అతికించుకోండి. మీకు అంతకన్నా అవసరం లేదు. ఎప్పుడైనా దూరపు గురికి వెళ్లదలిస్తే అప్పుడు ఆ మోడల్ చూడొచ్చు. స్కోప్ మిల్‌లో ఉంటే పరికరం కూడా మిల్‌లో, ఎంఓఏలో ఉంటే ఎంఓఏలో చూపేలా అప్పుడు చూసుకోండి; ఈ రెండూ స్కోప్ సర్దుబాటుకు వాడే కోణపు కొలతలు.

ఇంకొకటి, ఈ పరికరాలు దూరం కొలుస్తాయి గానీ దారిలోని గాలిని కొలవవు. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 300 గజాల దగ్గర .308 తూటాను ఏడెనిమిది అంగుళాలు పక్కకు నెడుతుంది. అంటే దూరం సరిగ్గా తెలిసినా, గాలి తెలియకపోతే ప్రాణస్థానం దాటిపోయి గాయం మాత్రమే మిగులుతుంది. తెర మీద 380 అని స్పష్టంగా కనబడగానే కొట్టేయగలమన్న ధైర్యం వస్తుంది చూశారూ, అదే నాకు ఈ పరికరాల్లో నచ్చని సంగతి. అంకె మీ హద్దు దాటితే దగ్గరికి వెళ్లండి, కుదరకపోతే వదిలేయండి.

వాన, పొగమంచు గురించి ముందే తెలిసి ఉండాలి. చినుకులూ మంచు బిందువులూ లేజర్‌ను దారిలోనే వెనక్కి పంపుతాయి. ఎదురుగా జింక కనబడుతుంటే తెర మీద 14 గజాలని వస్తుంది. వాన మోడ్ ఉన్న పరికరం దగ్గరి రీడింగ్‌లను వదిలేస్తుంది, కొంత మేలు. దట్టమైన పొగమంచులో ఏ పరికరమూ పనిచేయదు, ఎంత పెట్టి కొన్నా సరే. కారు అద్దం లోంచి, మాటుగూడు వల లోంచి కొలిచినా ఇదే తంతు.

నీటి రక్షణకు ఐపీఎక్స్4 అని ఉంటే చిలకరింపుకు తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫరవాలేదని అర్థం. వానలో తిరిగే అలవాటు ఉంటే రెండోదే తీసుకోండి.

కొన్నాక చేయవలసిన మొదటి పని ఎవరూ చెప్పరు. తెర మీద కనిపించే గురి గుర్తు ఒకచోట, లేజర్ నిజంగా తగిలేది ఇంకోచోట ఉండడం మామూలే. వంద గజాల దూరంలో, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ఒంటరి స్తంభం చూసుకోండి. ఆగకుండా కొలుస్తూ పోయే స్కాన్ మోడ్‌లో మీట నొక్కిపట్టి ఎడమ నుంచి మెల్లగా స్తంభం మీదికి రండి. రీడింగ్ ఎక్కడ మొదలైందో, కుడివైపు ఎక్కడ ఆగిపోయిందో గమనించండి. ఆ రెండింటి మధ్య భాగమే మీ పుంజం. తర్వాత స్తంభం కొన మీద పైనుంచి కిందికి అలాగే చేయండి. గుర్తు పుంజానికి మధ్యలో ఉంటే అదృష్టం. కొంచెం పక్కకు ఉంటే ఎటువైపో గుర్తుపెట్టుకుని అలాగే గురిపెట్టుకోవచ్చు. బాగా పక్కకు ఉంటే వాపసు ఇచ్చేయండి. అందుకే వాపసు గడువు ఉన్న చోటే కొనమంటాను, సీజన్‌కు ముందు రోజు కాకుండా నెల ముందే కొనమంటాను. మీ బావగారి పరికరం తీసుకున్నా ఇదే పరీక్ష చేయండి.

వాడేటప్పుడు ఒక్క రీడింగ్‌ను నమ్మకండి. జింక ఒంటి మీద రెండుసార్లు, దాని పక్కనున్న చెట్టు మొదలు మీద ఒకసారి కొలవండి. మూడూ దగ్గర దగ్గరగా వస్తే అదే దూరం. ఒకటి 180, ఇంకొకటి 262 వస్తే పుంజం ఎక్కడో జారుతోంది. అప్పుడు మోచేతుల్ని మోకాళ్ల మీద ఆనించి, లేదా పరికరాన్ని చెట్టుకో చేతికర్రకో ఆనించి మళ్లీ కొలవండి. వణుకు తగ్గితే సగం సమస్యలు వాటంతటవే పోతాయి.

సంచి గురించి కూడా ఒక మాట. చాలావాటితో వచ్చే సంచికి వెల్‌క్రో పట్టీ ఉంటుంది. దాన్ని విప్పితే వచ్చే చర్రుమనే చప్పుడు 40 గజాల్లో ఉన్న ఏ జింకకైనా చాలు. అయస్కాంతంతోనో రబ్బరు తాడుతోనో మూసుకునే సంచి వేరేగా కొనుక్కుని, ఛాతీ మీద కట్టుకోండి. మీట నొక్కినప్పుడు టక్‌మనే పరికరాలు కూడా ఉన్నాయి. దుకాణంలో చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూడడానికి మొహమాటపడకండి.

బ్యాటరీ చాలావాటిలో సీఆర్2 అనే మూడు వోల్టుల లిథియం రకం. చలికి బాగా తట్టుకుంటుంది, కానీ మామూలు పెన్సిల్ బ్యాటరీలా ప్రతిచోటా దొరకదు. సీజన్ మొదలయ్యే రోజున కొత్తది వేసి, ఇంకొకటి సీల్ తీయకుండా జేబులో పెట్టుకోండి. ఛార్జింగ్ రకమైతే రాత్రి గుడారంలో వదిలేయకుండా పడుకునే సంచిలోకి తెచ్చుకోండి. సీజన్ అయిపోయాక బ్యాటరీ తీసేసి దాచండి. లోపల కారితే వారంటీ వాళ్లు కూడా చేతులెత్తేస్తారు.